పూలు పెట్టుకున్న పెద్దాయన

మడతలు పడ్డ నుదురు, ఎండకి కమిలిన చర్మం, తెల్లటి గడ్డం, ఎటో దూరంగా చూస్తున్న కళ్ళు. వెనకాల కొండో, చేనో, చేతిలో ఓ మేకపిల్లో. కింద "ప్రకృతి ఒడిలో" అనో, "పల్లె పెద్ద" అనో ఓ శీర్షిక. ఈ బొమ్మ చూడనివాళ్ళు మనలో ఎవరూ ఉండరు. బ్యాంకుల కాలెండర్లలో, హోటళ్ళ లాబీల్లో, విమానాశ్రయాల గోడల మీద, ఆఖరికి మన సంఘాలు వేసుకునే సావనీర్ల అట్టల మీద కూడా ఆయన కనిపిస్తూనే ఉంటారు. "అబ్బ, ఎంత బావుందో" అనుకుంటాం. పేజీ తిప్పేస్తాం. ఆయన పేరేమిటని మాత్రం అడగం.

దేశం మారినా ఈ బొమ్మ పెద్దగా మారదు. నేను చాలా ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్న సౌదీ అరేబియాలో ఆ పెద్దాయన తలమీద పూలుంటాయి, అంతే తేడా. ఈ పూల పెద్దాయన బొమ్మని కాస్త నిదానంగా చూస్తే, ఇలాంటి బొమ్మల్లో ఏం పడుతుందో, ఏం జారిపోతుందో తెలుస్తుంది. మన ఇళ్ళల్లో గోడకి తగిలించుకున్న తాతయ్యల ఫోటోలకి కూడా అది వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఎడారి కాని సౌదీ

సౌదీ అనగానే మన ఊళ్ళో వాళ్ళకి గుర్తొచ్చేవి ఇసుక, ఒంటె, పెట్రోలు. కానీ దేశానికి నైరుతి మూల, యెమెన్ సరిహద్దుకి దగ్గర్లో అసీర్ అనే కొండ ప్రాంతం ఉంది. దాని ముఖ్యపట్టణం అభా సముద్రమట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇంచుమించు మన ఊటీ అంత ఎత్తు. పక్కనే ఉన్న సూదా కొండ 3,000 మీటర్ల దాకా లేస్తుంది. రియాద్‌లో 45 డిగ్రీల ఎండ మాడ్చేస్తున్నప్పుడు అక్కడ పొగమంచు, జూనిపర్ చెట్లు, రోడ్డు పక్కన పిల్లల చేతిలో చిప్స్ పొట్లం కోసం కాచుకుని కూర్చునే కోతులు. ఎండాకాలం సెలవుల్లో ఇండియా వెళ్ళడం కుదరని తెలుగు కుటుంబాలు చాలా వరకు ఒకసారైనా అటు వెళ్ళొచ్చినవే.

సూదా నుంచి పడమటి వైపు మెలికలు తిరుగుతూ ఓ ఘాట్ రోడ్డు దిగుతుంది. చల్లటి కొండ మీద నుంచి ఒక్కసారిగా వేడి వేడి లోయలోకి వచ్చేస్తాం. అక్కడుంది రిజాల్ అల్మా. నాలుగైదు అంతస్తుల రాతి ఇళ్ళు, కిటికీల చుట్టూ పలుగురాళ్ళతో తెల్లటి అంచులు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో మొదటిసారి ప్రకటించిన ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో ఈ ఊరి పేరుంది. ఇంకా దిగువకి పోతే ఎర్ర సముద్రం వరకూ పరుచుకున్న తిహామా మైదానం.

ఈ కొండవాలుల్లోనూ, తిహామా అంచుల్లోనూ, ముఖ్యంగా కహ్తాన్ తెగవారిలో, మగవాళ్ళు తలకి పూలదండ చుట్టుకునే అలవాటుంది. పెళ్ళికొడుకులో, దేవుడి ఊరేగింపులో నడిచేవాళ్ళో కాదు. పొలానికి వెళ్ళే రైతు, సంతలో తేనె అమ్ముకునే ముసలాయన, పికప్ బండి తోలే కుర్రాడు. నడుముకి లుంగీ లాంటి గుడ్డ, బొడ్డు దగ్గర వంకీ కత్తి, తలమీద పూలు. ప్రపంచమంతా వీళ్ళని "పూల మనుషులు" అని పిలవడం మొదలుపెట్టింది. ఫోటోగ్రాఫర్లకి ఇంతకన్నా ఏం కావాలి? మగవాడు, కత్తి, పువ్వు, మూడూ ఒకే ఫ్రేములో.

అదంతా మన కదంబమే

ఆ దండలో ఏముంటుంది? దీనికి జవాబు మన తెలుగు ఆడవాళ్ళు ఇట్టే చెప్పగలరు. రిజాల్ అల్మాలో ఓ దండ కొని మా ఆవిడ చేతికిచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇందులో దవనం ఉందండీ" అంది. నిజానికి అది సరిగ్గా దవనం కాదు గానీ, ఆ కుటుంబానిదే. అరబ్బులు షీహ్ అనేదీ, మన దవనమూ ఒకే జాతి మొక్కలు, వృక్షశాస్త్రంలో రెంటినీ ఆర్టిమీసియా అంటారు. దాని పక్కన రేహాన్, అంటే మన తులసికి అక్కచెల్లెలు. బర్దఖూష్ అనేది అచ్చంగా మన మరువం. పసుప్పచ్చగా మెరిసేది బంతి. జాజాన్ వైపు వెళితే ఫుల్ అని పిలిచే మల్లెపూలు, కాదీ అని పిలిచే మొగలి రేకులు. మన ఉద్దానం తీరంలో కంచెల మీద పెరిగే మొగలే అది.

మల్లె, మరువం, దవనం, బంతి. గుడి ముందు మూర పెట్టి కొలిచి అమ్మే కదంబం దండ ఇది కాక మరేమిటి? మన దగ్గర అమ్మ జడలోనో, అమ్మవారి మెడలోనో ఉండేది ఇక్కడ తాత తలమీద ఉంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పుకోవాలి. ఈ బొమ్మల కింద "వేల ఏళ్ళ నాటి ఆచారం" అని రాయడం మామూలు. సువాసన ఆకులు చుట్టుకోవడం ఎంత పాతదో గానీ, బంతిపువ్వు మాత్రం అంత పాతది కాదు. అది పుట్టింది మెక్సికో ప్రాంతంలో. 1492లో కొలంబస్ అమెరికా చేరిన తర్వాతే అది సముద్రాలు దాటి ఇటు రాగలిగింది. మన బతుకమ్మలోని బంతి కూడా అలా వలస వచ్చిందే. కాబట్టి "కాలం ఆగిపోయిన మనిషి" అని మనం మురిసిపోయే ఆ పెద్దాయన తలమీదే, కాలం ఎంత తిరిగిందో చెప్పే పువ్వు ఉంది. వాళ్ళ పూర్వీకులెవరో ఓ కొత్త విత్తనం చూశారు, బావుందనుకున్నారు, నాటుకున్నారు.

ఎందుకు పెట్టుకుంటారంటే, అందం కోసం, వాసన కోసం, తలనొప్పి తగ్గడం కోసం అని వాళ్ళే చెబుతారు. ఒంట్లో బాగాలేనప్పుడు పూలు తగ్గించి మందు ఆకులు ఎక్కువ పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. ఈ మొక్కలు అడవిలో వాటంతటవి దొరికినవే కావు. పెరట్లో పెంచాలి, పొద్దున్నే కోయాలి, వాడిపోకుండా సంతకి చేర్చాలి. అసీర్‌లో సంతలకి ఎంత ప్రాముఖ్యముందంటే ఊళ్ళకే వారాల పేర్లున్నాయి. అభా పక్కనున్న పెద్ద పట్టణం ఖమీస్ ముషైత్‌లో ఖమీస్ అంటే గురువారం. అహద్ రుఫైదా అనే ఊరి పేరులో అహద్ అంటే ఆదివారం. మన కర్నూలు బుధవారపేట లాగే. ఆ దండ వెనకాల తోట ఉంది, కూలి ఉంది, బేరం ఉంది. ఫోటోలో మాత్రం పువ్వు ఒక్కటే పడుతుంది.

ప్రకృతికి దగ్గరగా బతకడమంటే

"ప్రకృతితో మమేకమై" అనే మాట రాయడం సులువు. అసీర్ కొండల్లో ఆ మాటకి అర్థం ఏమిటో చూద్దాం.

కొండవాలు మీద వాన పడితే నీళ్ళతో పాటు మట్టి కూడా కొట్టుకుపోతుంది. అందుకని వాళ్ళు కొండని మెట్లు మెట్లుగా చెక్కి, ప్రతి మెట్టుకీ రాతి గోడ కట్టారు. పై మెట్టులో నిండిన నీళ్ళు కింది మెట్టుకి దిగుతాయి. ఆ మెట్ల మీద గోధుమ, బార్లీ, జొన్న, సజ్జ పండించారు. ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉంది. ఎక్కడో ఒక గోడ పడిపోయి పట్టించుకోకపోతే, ఆ నీటి ఉరవడికి దాని కింది మెట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతింటాయి. అంటే ప్రతి రైతూ తన పొలంతో పాటు కిందివాడి పొలాన్ని కూడా కాపాడుతున్నట్టే. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఎవరో రాసిన పాత కోడ్‌ని ఎవరో ఒకరు రోజూ కనిపెట్టి ఉండాల్సిన వ్యవస్థ. దాని మాన్యువల్ ముసలివాళ్ళ తలలోనే ఉంది.

కొండ మీద మట్టి ఇళ్ళు చూడండి. గోడ పొడవునా వరసలు వరసలుగా పలక రాళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అలంకారం అనిపిస్తుంది. కానీ ప్రతి వరసా ఓ చిన్న చూరు. వాననీళ్ళు మట్టిగోడ మీద జారకుండా ఆ రాళ్ళ అంచు నుంచి కింద పడిపోతాయి. లోయలో రిజాల్ అల్మా దగ్గరికొస్తే మట్టి పోయి రాయి వస్తుంది.

తేనె పట్టేవాళ్ళు రుతువుని బట్టి పెట్టెలు తీసుకుని కొండ మీదికీ, తిహామాకీ తిరుగుతారు. సిద్ర్ చెట్టు పూసినప్పుడు పట్టిన తేనెకి ఎక్కువ ధర. సిద్ర్ అంటే మన రేగు జాతి చెట్టే. ఏ లోయలో ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో ఆ పెద్దాయనకి తెలియాలి. తెలియకపోతే ఆ ఏడు తేనె లేదు, డబ్బు లేదు.

కాబట్టి ప్రకృతికి దగ్గరగా బతకడమంటే చెట్టు కింద కళ్ళు మూసుకుని కూర్చోవడం కాదు. అది ఒక నైపుణ్యం. మన ఇంజనీరింగ్ డిగ్రీల కన్నా ఎక్కువ ఏళ్ళు పట్టే చదువు. తప్పు చేస్తే పంట పోయే పరీక్ష. 1970ల తర్వాత చమురు డబ్బుతో నగరాల్లో జీతాలొచ్చే ఉద్యోగాలు పెరిగాక కుర్రాళ్ళు కొండ దిగి వెళ్ళిపోయారు. చాలా మెట్ల పొలాలు బీడుపడ్డాయి. ఇందులో వాళ్ళని తప్పుపట్టే అర్హత మనకెవరికీ లేదు. మనమూ అలా బయల్దేరినవాళ్ళమే కదా.

హబలా అనే ఊరి కథ ఇక్కడ చెప్పాలి. నిట్టనిలువు కొండ అంచుకి కింద, గూడు లాంటి చదును మీద కట్టిన పల్లె అది. హబ్ల్ అంటే తాడు. వాళ్ళు తాళ్ళు పట్టుకుని రాకపోకలు సాగించేవారు. 1980 ప్రాంతంలో ప్రభుత్వం ఆ ఊరివాళ్ళని పైన కొత్త ఇళ్ళకి తరలించింది. తర్వాత అక్కడికి కేబుల్ కారు వేశారు. ఊరు ఖాళీ అయ్యాక అది చూడదగ్గ స్థలమైంది. అందరం కేబుల్ కారులో దిగి ఫోటోలు తీసుకుంటాం. తాడు పట్టుకుని పిండి మూట దింపిన మనిషి ఆ ఫోటోల్లో ఉండడు.

ఎవరు చూశారు, ఎలా చూశారు

ఈ పెద్దాయన బొమ్మని బయటి ప్రపంచానికి మొదట చూపించినవాళ్ళు బయటివాళ్ళే. 1940ల మధ్యలో విల్‌ఫ్రెడ్ థెసిజర్ అనే ఆంగ్లేయుడు మిడతల దండు పుట్టుక మీద పరిశోధన చేసే సంస్థ తరఫున అరేబియాకి వచ్చారు. ఆయన అసీర్, తిహామాల్లో కూడా తిరిగారు. తర్వాత "రుబ్ అల్ ఖాలీ" అనే మహా ఎడారిని బెదూయిన్లతో కలిసి ఒంటెల మీద రెండుసార్లు దాటారు. ఆయన పుస్తకం "అరేబియన్ శాండ్స్" 1959లో వచ్చింది. ఆయన తీసిన సుమారు 38,000 నెగెటివ్‌లు ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాత తియెరీ మోజే అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ అసీర్ మీద ఏళ్ళ తరబడి పనిచేసి, ఈ పూల మనుషుల మీద 1988లోనూ, అసీర్ ప్రాంతం మొత్తం మీద 1993లోనూ పుస్తకాలు తెచ్చారు.

థెసిజర్‌కి ఒక గొప్ప గుణముంది. తనతో నడిచినవాళ్ళకి పేర్లుంచారు. బిన్ కబీనా, బిన్ ఘబైషా అనే ఇద్దరు యువకులు ఆయన పుస్తకం చదివినవాళ్ళకి చుట్టాల్లా గుర్తుండిపోతారు. కానీ 1977లో ఆయన మళ్ళీ వెళ్ళి వాళ్ళని కలిసినప్పుడు చమురు డబ్బు వచ్చేసింది, కార్లు వచ్చేశాయి, ఒంటెల ప్రయాణం అయిపోయింది. ఆయన చాలా నిరాశపడ్డారు. ఆ నిరాశ గురించి ఆయనే నిజాయితీగా రాసుకున్నారు. నాకు మాత్రం ఇది చదివినప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. దాహంతో, ఆకలితో నడిచిన మనిషికి కారు దొరికితే నొచ్చుకోవాల్సింది ఎవరు? బొమ్మ చెరిగిపోయిందని చూసేవాడికి బాధ. బొమ్మలో ఉన్నవాడికి ఇంటి దగ్గరే నీళ్ళొచ్చాయన్న సంతోషం. రెండూ నిజమే. కానీ ఈ రెండు నిజాల్లో ఒకటే పుస్తకాలకెక్కుతుంది.

లోపలివాళ్ళ మాటకొస్తే, అసీర్ ఇళ్ళల్లో బొమ్మలు వేసింది ఆడవాళ్ళు. ఇంటి లోపలి గోడల మీద అడ్డగీతలు, త్రికోణాలు, చుక్కలతో రంగురంగుల పట్టీలు వేస్తారు. దీన్ని ఖత్ అసీరీ అంటారు. 2017లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇందులో మనిషి ముఖం ఉండదు. మన ముగ్గుని గోడకెక్కించినట్టుంటుంది. రిజాల్ అల్మాకి చెందిన ఫాతిమా అబూ గహాస్ ఈ కళలో పేరు పొందిన పెద్దావిడ, 2010లో చనిపోయారు. ఆ ఇంట్లో మగవాడి రూపం పరదేశి కెమెరాలో దొరికింది. ఆడదాని రూపం ఆమె స్వయంగా వేసుకున్న గోడలోనే ఉంది. రెండింట్లో ఏది మెరుగైన చిత్తరువో చెప్పడం కష్టం.

జెద్దాలో పుట్టిన సఫియా బిన్‌జగర్ దారి వేరు. ఆమె 1968లో మునీరా మోస్లీతో కలిసి ఓ పాఠశాలలో తన చిత్రాలు ప్రదర్శించారు. ఆడవాళ్ళ చిత్రకళా ప్రదర్శన అప్పటికి ఆ దేశంలో కొత్త. పెళ్ళిళ్ళు, దుస్తులు, ఆటలు, వీధులు తన కళ్ళముందే మారిపోతుంటే ఒక్కొక్కటీ రంగుల్లో పెట్టారు. 2024లో చనిపోయేవరకూ ఆమెకి అదే పని. "జబూన్" అనే ఆమె చిత్రాన్ని జనం హిజాజ్ మోనాలిసా అని పిలుచుకుంటారు. ఇక అభాలో పెరిగిన అహ్మద్ మాటర్ డాక్టరు చదివి చిత్రకారుడయ్యారు. వాళ్ళమ్మకి ఖత్ గోడలు వేయడం వచ్చు. ఈయన మనుషుల ఎక్స్‌రే ఫిల్ములనే తన చిత్రాల్లో వాడారు. ముఖంలో ముడతలు లేవు, పూలు లేవు, ఎముకలే ఉన్నాయి. తన ప్రాంతపు మనిషిని వింతగా చూపించడానికి ఒప్పుకోని చిత్తరువు అది.

మన వైపు చూస్తే

ఇదే కథ తెలుగు నేల మీద కూడా జరిగింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన ఫ్యూరర్ హైమెండార్ఫ్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయారు. నల్లమల చెంచుల మీద ఆయన పుస్తకం 1943లో వచ్చింది. ఆదిలాబాద్ గోండులతో ఉండి వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆయనదీ, ఆయన భార్య బెట్టీదీ సమాధులు అక్కడి మార్లవాయి గ్రామంలోనే ఉన్నాయి. పరదేశి కెమెరాయే అయినా, దాని పక్కన నోటుబుక్కు ఉంది. పెద్దలు ఏ వంశం, ఏ దేవుణ్ణి కొలుస్తారు, అడవిలో ఏం తింటారు, భూమి ఎలా పోగొట్టుకున్నారు, అన్నీ రాసుకున్నారు.

మన చిత్రకారుల్లో తోట వైకుంఠం గారిని తీసుకుందాం. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టి, బరోడాలో చదివి, తిరిగి తన ఊరి మనుషుల దగ్గరికే వచ్చారు. పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నల్లని ఒళ్ళు, నిండు మనిషి. తన తల్లి రూపమే వీటికి మూలమని ఆయన చెప్పుకున్నారు. ఆయన బొమ్మల్లోని పల్లె పెద్దలు జాలిగా ఎటో చూడరు. పంచె కట్టుకుని, నామాలు పెట్టుకుని, దర్జాగా నిలబడతారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మా గౌడ్ గారి గీతల్లో పల్లె మనిషి, మేక, చెట్టు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కానీ అక్కడ సాధువులు లేరు, కోరికలూ మోటుదనమూ ఉన్న మనుషులున్నారు. సిద్దిపేట కాపు రాజయ్య గారు పల్లె పండగలనీ, పనుల్నీ నకాషీ బొమ్మల వరసలో వేశారు. వీళ్ళెవరికీ పల్లె పెద్ద ఒక దృశ్యం కాదు. పక్కింటాయన. పక్కింటాయన్ని ఎవరూ "ప్రకృతి ఒడిలో" అనరు, పేరు పెట్టి పిలుస్తారు.

పూలు లేని కాపరి

ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన మాట ఇది. సౌదీలో హైవే మీద గంటల తరబడి వెళుతుంటే దూరంగా గొర్రెల మందా, దాని వెనక ఒక మనిషీ కనిపిస్తారు. సాయంత్రం వెలుతురు, దుమ్ము, ఒంటరి ఆకారం. కారాపి ఫోటో తీసేంత అందమైన దృశ్యం. "అరబ్ కాపరి" అని మనమే శీర్షిక పెట్టేసుకుంటాం. దగ్గరికెళ్ళి పలకరిస్తే ఆయన సూడాన్‌వాడు కావచ్చు, బంగ్లాదేశ్‌వాడు కావచ్చు, మన జగిత్యాల నుంచో రాయచోటి నుంచో వచ్చినాయన కూడా కావచ్చు. "యాడ్నుంచన్నా?" అన్న మాట ఎడారిలో వినబడితే తెలుగువాడికి కాళ్ళు ఆడవు.

ఆయన కూడా ప్రకృతికి దగ్గరగానే బతుకుతున్నారు. ఒక డేరా, ట్యాంకర్ తెచ్చే నీళ్ళు, బార్లీ బస్తాలు, ఎండాకాలం నిప్పుల గాలి, చలికాలం ఎముకలు కొరికే రాత్రి. అసీర్ పెద్దాయనకీ ఈయనకీ తేడా ఒక్కటే. ఆ కొండ ఆయనది. ఈ ఎడారి ఈయనది కాదు. ఇఖామా కఫీల్ చేతిలో ఉంటే, పాస్‌పోర్టు ఎక్కడుందో తెలియకపోతే, నక్షత్రాల కింద పడుకోవడంలో కవిత్వమేమీ లేదు.

చట్టం కూడా ఈ తేడాని గుర్తుపెట్టుకుంది. సౌదీలో ఉద్యోగం మారడానికీ, దేశం వదిలి వెళ్ళడానికీ యజమాని అనుమతి అవసరాన్ని సడలించే సంస్కరణలు 2021 మార్చిలో అమల్లోకి వచ్చాయి. ఆఫీసుల్లో పనిచేసే మాలాంటివాళ్ళకి అవి ఎంతో మేలు చేశాయి. కానీ గొర్రెల కాపరులకీ, పొలం పనివాళ్ళకీ, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకీ, ఇంటి డ్రైవర్లకీ, తోటమాలులకీ ఆ సంస్కరణలు వర్తింపజేయలేదు. బెన్యామిన్ 2008లో రాసిన మలయాళ నవల "ఆడుజీవితం" ఇలాంటి కాపరి కథే. 2024లో సినిమాగా వచ్చాక చాలామందికి తెలిసింది. మన తెలుగు కాపరులకి ఇంకా అలాంటి చిత్తరువు రాలేదు. వాళ్ళ గొంతు ఎప్పుడైనా వినబడితే అది ఇంటికి పంపమని వేడుకుంటూ ఫోన్‌లో తీసుకున్న వీడియోలోనే.

అందమైన బొమ్మ అబద్ధం చెబుతుందని నేననడం లేదు. అందం దగ్గరే ఆగిపోతే మనిషి ఎవరో, అక్కడ ఎందుకున్నాడో, ఇష్టపడి ఉన్నాడో లేదో మనకి తెలియకుండా పోతుంది. ఆ తేడా తెలియకపోతే పూల పెద్దాయనా, చిక్కుకుపోయిన కాపరీ ఒకే కాలెండర్‌లో పక్కపక్కన పేజీలైపోతారు.

ఫోటో వెనకాల రాయాల్సినవి

మా వృత్తిలో మెటాడేటా అనే మాట ఉంది. ఒక ఫైలు గురించిన వివరాలు: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు తయారుచేశారు అన్నవి. అది లేని ఫైలు ఎంత విలువైనదైనా కొన్నేళ్ళకి ఎందుకూ పనికిరాదు, అదేమిటో ఎవరికీ తెలియదు కాబట్టి. ఈ రోజుల్లో ఫోన్ తీసిన ప్రతి ఫోటోలో తేదీ, సమయం, చాలాసార్లు స్థలం కూడా దానంతటదే చేరిపోతుంది. కానీ ఫోన్‌కి తెలియనివి కొన్ని ఉన్నాయి. ఆయన పేరు. ఆయన చేతికున్న ఆ మచ్చ ఎలా వచ్చింది. వెనకాల ఉన్న చెట్టు ఎవరు నాటారు. ఆ చేను ఇప్పుడు ఎవరిది.

మన పిల్లలు రియాద్‌లోనో, దమ్మామ్‌లోనో, డల్లాస్‌లోనో పెరుగుతున్నారు. వాళ్ళ దృష్టిలో ఊళ్ళో తాతయ్య ఒక వీడియో కాల్. వెనక వేపచెట్టు, ముందు నవ్వే ముఖం. "తాతయ్య ఈజ్ సో క్యూట్" అంటారు. ఆ క్యూట్ మనిషి మబ్బు రంగు చూసి విత్తనం ఎప్పుడు వేయాలో చెప్పినవాడనీ, పాము కరిచినవాడిని ఎద్దులబండి మీద రాత్రికి రాత్రి ఆసుపత్రికి చేర్చినవాడనీ, అప్పు చేసి మనల్ని చదివించినవాడనీ వాళ్ళకి మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? కొన్నాళ్ళకి ఆయన ఫోటోకి దండ పడుతుంది. బంతిపూలదే. అప్పుడు మన ఇంట్లో కూడా పూలు పెట్టుకున్న పేరులేని పెద్దాయన ఒకరు మిగులుతారు.

అందుకని ఈసారి సెలవులకి ఊరికి వెళ్ళేవాళ్ళకి నాదొక సూచన. పిల్లల చేతికి ఫోన్‌తో పాటు ఒక నోటుబుక్కు కూడా ఇవ్వండి. తాతయ్యనీ, నాయనమ్మనీ, అమ్మమ్మనీ, పక్కింటి పెద్దనాన్ననీ ఫోటో తీయమనండి. నవ్వమని అడిగి కాదు, పని చేస్తున్నప్పుడు తీయమనండి. చేతులు కనబడేలా తీయమనండి. తీశాక నాలుగు ప్రశ్నలు అడగమనండి. మీ పూర్తి పేరేంటి? ఈ చేతిలో ఉన్న పనిముట్టుని ఏమంటారు? ఈ పని మీకెవరు నేర్పారు? మీకు ఇష్టమై చేశారా, తప్పక చేశారా? ఆఖరి ప్రశ్నకి వచ్చే జవాబు ఒక్కోసారి మనకి నచ్చకపోవచ్చు. అదీ రాసుకోమనండి.

ఇక్కడ గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. దారిలో కాపరి కనబడితే ఫోటో తీయడానికి ముందు సలాం చెప్పి, నీళ్ళ సీసా ఇచ్చి, ఏ ఊరో అడగండి. తెలుగువాడైతే ఇంట్లోవాళ్ళతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో అడగండి. మీ ఫోన్ ఆయన చేతికివ్వండి. ఫోటో ఆ తర్వాత, ఆయన సరేనంటేనే.